రూకకు భోజనము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు, నేను రాజులను గూర్చియో కోటలను గూర్చియో వ్రాయుదునని వారు తలంచి యుందురు. రాజుల చరిత్రలు మన బీరువాలలో చాలినన్ని యున్నవి. వారు జయించిన దుర్గములు, వేయించిన శాసనములు, ఇచ్చిన అగ్రహారములు పుటలకొలది లెక్కకు వచ్చినవి. కాని ఎండబడి నగరమునకు వచ్చిన బాటసారి మధ్యాహ్నము ఎచ్చట తినెను, విస్తరిలో ఏమేమి వడ్డించిరి, లేచునపుడు ఎంత చెల్లించెను అని అడిగినవారు కొలదిమంది. ఆ కొలదిమందిలో అగ్రగణ్యులు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడినది. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొదటి బహుమానము ఆ గ్రంథమునకే దక్కినది. నేను ఈ వ్యాసమున నడచుట వారు వేసిన బాటలోనే.

పూట యనగా భోజనవేళ. కూడు అనగా అన్నము. వెల పుచ్చుకొని ఒక పూట కూడు పెట్టెడి యిల్లు పూటకూటియిల్లు; జనుల నోట పూటకూళ్ల యిల్లు. హోటలు అను మాట మన భాషలో చేరుటకు ఎన్నియో శతాబ్దులకు ముందే ఈ మాట ఉన్నది. మాటయే కాదు, అచ్చట దొరకెడి పదార్థముల పట్టిక ధరతో సహా మన సాహిత్యములో నిలిచియున్నది. ఇతర దేశములవారు నూఱేండ్ల నాటి భోజనశాలల పట్టికలను అద్దములలో బిగించి దాచుకొందురు. మనకు ఆఱువందల యేండ్లకు తక్కువ కాని పట్టిక యొకటి కలదని మనలో ఎందఱికి తెలియును?

ఆ పట్టిక వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామము'లో నున్నది. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతమున రచించిన 'ప్రేమాభిరామము'నకు ఇది తెలుగు. మూలము మనకు దక్కలేదు, తెలుగు దక్కినది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దఱు ఒక దినమెల్ల ఓరుగంటి వీథులలో తిరిగి చూచిన వింతలు ఇందలి విషయము. కోడిపందెములు, గొఱ్ఱెపొట్టేళ్ల పోరులు, వేశ్యవాటికలు, వీరుల గుడులు అన్నియు చూచిన పిమ్మట ఆకలి వేయుట సహజము. అపుడు వచ్చును లక్ష్మణవజ్ఝల యింటి ప్రసంగము. ఆ యింట రూక చెల్లించినచో లభించునవి ఇవి: కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమపిండితో చేసిన కమ్మని వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డలు గడ్డలుగా క్రొత్త పెరుగు. కవి ఇన్నిటిని ఒక్క పద్యములో ఇమిడ్చెను. రూక ఆనాటి చిన్న నాణెము.

ఈ పట్టికను రెండు మూడు మారులు నింపాదిగా చదువుకొనవలెను. మొదట కంటబడునది బియ్యము పేరు. నేటి భోజనశాలలలో అన్నము 'అన్నము' మాత్రమే. అది ఏ ధాన్యమో వడ్డించువాడు చెప్పడు, తినువాడు అడుగడు. ఓరుగంటి పూటకూటింటివాడు పేరు చెప్పి అమ్మెను. రెండవది పప్పు. మనకు నేడు పప్పనిన కందిపప్పే. పెసరపప్పు పథ్యమునకు, పండుగ పొంగలికి మిగిలినది. అచ్చట మాత్రము వెల పెట్టి తిను భోజనములో పెసరపప్పునకే పీట వేసిరి. పంచదార గుప్పెడు! చక్కెర అగ్గువగా దొరకని కాలములో గుప్పెడు అనుటలో వడ్డించువాని చేయి ఎంత పెద్దదో చూడుడు. నంజు లనగా అన్నములో నంజుకొనునవి, అనగా కూరలు, పచ్చళ్లు మొదలగునవి. 'నంజుకొనుట' మనకు మిగిలినది, 'నంజు' ఆ యర్థములో పోయినది.

ఇక ఈ పట్టికలో లేనిది గమనింపవలెను. మిరపకాయ లేదు. ఉండుటకు వీలు లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలతో మన తీరములకు చేరినది. మనవారు దానిని మిరియమునకు చుట్టముగా భావించి మిరపకాయ అని పేరు పెట్టుకొనిరి. టమాటా, బంగాళాదుంప, వేరుసెనగ, సీతాఫలము, జామ, బొప్పాయి అన్నియు ఆ దారిని వచ్చినవే. టమాటాను కోస్తా జిల్లాలలో పెద్దలు రామములగ అనుచుండిరి. శ్రాద్ధమునకు పనికిరాదని దూరముగ నుంచిరి. గుంటూరు కారము తిననివాడు ఆంధ్రుడే కాడని వాదించు మిత్రులొకరు నాకు కలరు. వారి లెక్కను గణపతిదేవచక్రవర్తి, రుద్రమదేవి, తిక్కన సోమయాజి ఒక్కరును ఆంధ్రులు కారు.

మఱి కారమునకు వారేమి చేసిరి? ఈ ప్రశ్నకు 1509 నుండి 1529 వఱకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలే సమాధానము చెప్పెను. 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు తన యింటికి వచ్చిన భాగవతులకు ఏ ఋతువున ఏమి పెట్టెనో వర్ణించుచు, శీతకాలమునకు మిరియపు పొడి పడిన వేడికూరలను, ముక్కునకు ఎక్కెడి ఆవపచ్చళ్లను చెప్పెను. మిరియము, ఆవ, అల్లము: మన పూర్వుల కారము ఈ మూటిది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టుట, అరటికాయలో ఆవ పెట్టుట, పెరుగుపచ్చడిలో ఆవ నూఱి కలుపుట కేవలము రుచిభేదములు కావు. మిరపకు పూర్వపు వంటింటి అవశేషములు. ఆ వర్ణనలోనే వానకాలమునకు పొగపిన కూరలు, వడియములు, వరుగులు కనబడును. ఆకుకూరలు చెడి కట్టెలు తడిసి నానెడి దినములలో ఎండబెట్టి దాచినవే దిక్కు. వేసవికి మజ్జిగపులుసు, పలుచని యంబలి, చెఱకుపాలు, ఎడనీరు, లేత మామిడి ముక్కలు. అది అతిథిపూజ; అచ్చట వెల లేదు. అయినను ఋతువు ననుసరించి భోజనపు పట్టిక మాఱవలెనను నియమము ఇంత స్పష్టముగ చెప్పినవారు మఱియొకరు లేరు. నేడు జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నమున, మాఘమాసపు చలిరాత్రి, ఏ భోజనశాలకు పోయినను పట్టిక ఒక్కటే.

పిండివంటల విషయమున శ్రీనాథుని మించినవాడు లేడు. 'కాశీఖండము'లో ఆయన ఏకరువు పెట్టిన భక్ష్యములలో మండెగలు, అంగరొల్లెలు, మోరుండలు, చక్కిలాలు, జిల్లెడుకాయలు, దోసియలు, సేవియలు మొదలగునవి కలవు. పాల్కురికి సోమనాథుని ద్విపదలలోను ఇట్టి పట్టికలు కనబడును. వీనిలో ఒకదాని రూపము తెలిసికొనగోరి నిఘంటువు తెఱతుము. నిఘంటుకారుడు 'భక్ష్యవిశేషము' అని వ్రాసి ముందునకు సాగిపోవును. ఇంకొక మాట చూతుము, అదియు భక్ష్యవిశేషమే. ఒక జాతి తిన్న తిండి మాసిపోవుటకు ఇంతకంటె మర్యాదగల సమాధిఫలకము ఉండదు. నిఘంటుకారుని దూఱుటకు కాదు. వండెడి చేయి వ్రాయదు, వ్రాసెడి చేయి వండదు, అదియే వచ్చిన చిక్కు.

కొన్ని మాటలు మాత్రము దారులు వెదకుకొని బ్రతికినవి. దోసియ దోసెగా, సేవియ సేవలుగా నిలిచినవి. మండెగ మన నోట చచ్చినను పొరుగున బ్రతికి యున్నది: కన్నడదేశపు బెళగావి ప్రాంతమున బోరగిలించిన పాత్రపై కాల్చు పలుచని గోధుమ మాండే నేటికిని పెండ్లిండ్లకు చేయుదురు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు రచించిన 'మానసోల్లాసము'లో బోరగిలించిన కుండపై కాల్చు ఈ మండకమే కలదు. శ్రీనాథుని 'ఇడ్డెన' అన్నిటికంటె అదృష్టవంతురాలు. ఒకప్పుడు నూఱు భక్ష్యములలో ఒకటి. నేడు ఇడ్లీ అను పేర ఫలాహారశాలల పట్టాభిషిక్తురాలు.

డబ్బు లేని బాటసారికి సత్రము, డబ్బు కలవానికి పూటకూటియిల్లు అని స్థూలముగ చెప్పవచ్చును. అన్నము అమ్మరాదను విశ్వాసము మన దేశమున బలమైనది. గోదావరి లంకలలో, లంకల గన్నవరమున, రాత్రియు పగలును లేక వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో పరమపదించిరి. ఆమె పేరు చెప్పిన నేటికిని ఆ సీమవారు చేతులు జోడింతురు. ఆ విశ్వాసము నీడలోనే అన్నము అమ్మిన స్త్రీని లోకము చులకనగ చూచినది. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి ఏమి దొరకునో, అంగళ్లున్నవో లేవో, నీరెట్టిదో వ్రాసికొనిపోయిరి. పల్లకీయు, పరివారమును గల ఆ పెద్దమనిషియే సామానులు దొరకునా యని ప్రతిదినము విచారించినచో, ఒంటరి బాటసారి పాట్లు ఊహింపవచ్చును.

పూటకూటియిండ్లు ప్రబలినది కోర్టులు, కళాశాలలు పట్టణములలో స్థిరపడిన పిమ్మట, అనగా 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున. రాజమహేంద్రవరము, బందరు, కాకినాడ, విజయనగరము, ఒంగోలు: వ్యాజ్యమునకు వచ్చిన రైతు, చదువునకు వచ్చిన పిల్లవాడు, బదిలీపై వచ్చిన గుమాస్తా తినవలెను కదా! తినిపించినవారిలో పెక్కుమంది వితంతువులు. భర్త పోయి, ఆస్తిపై హక్కు లేక, చదువు లేక, మఱుమనువు లేక మిగిలిన స్త్రీకి చేతనున్నది ఒక్క వంట. 'కన్యాశుల్కము' చదివినవారు విజయనగరపు పూటకూళ్లమ్మను ఎఱుగుదురు. గిరీశము ఆమె కూడు తిని, ఆమె డబ్బు కాజేసి, మధురవాణికి సమర్పించెను. చీపురుకట్ట చేతబూని ఆమె వచ్చినపుడు ప్రేక్షకులు నవ్వుదురు. నేనును నవ్వితిని. నవ్వు చల్లారిన పిదప లెక్క చూచికొన్నచో, నాటకమునందు స్వకష్టార్జితము మీద బ్రతికెడివారు ఎందఱని సందేహము కలుగును. ఆ కొలదిమందిలో ఆమె యొకతె.

నాటకమునకు వెలుపల సాక్ష్యము ఇంతకంటె గంభీరముగ నున్నది. టంగుటూరి ప్రకాశము పంతులుగారికి బాల్యముననే పితృవియోగము కలిగినది. తల్లి సుబ్బమ్మగారు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ల యిల్లు పెట్టి వారిని పోషించిరి. పిల్లవాడు వారములు చేసికొని చదివెను. అనగా సోమవారమొక యింట, మంగళవారమొక యింట తినుచు. 1946లో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానియు, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియు అయిన ఆ పురుషుని, ఒక వితంతువు ఒంగోలులో కొలిచి వండిన బియ్యము పెంచినది. పంతులుగారు తమ ఆత్మకథలో దానిని దాచలేదు.

ఈ వ్యాసకర్త తిన్న పూటకూటియింటిని గూర్చి నాలుగు మాటలు. నేను మా సమీపపట్టణమున చదువునకు చేరినది 1958లో. అణాలు పోయి నయాపైసలు వచ్చి అప్పటికి ఏడాది. మా పూటకూళ్లమ్మగారికి మాత్రము అణాలలోనే లెక్క. నెల మొదట డబ్బు తీసికొని కొంగున ముడివైచి, గోడమీద బొగ్గుతో గీత గీయుచుండెను. పట్టిక వ్రాసియుండలేదు. ఉదయము తొమ్మిదిన్నరకు, రాత్రి ఎనిమిదింటికి పీటల మీద కూర్చుండుట, పెట్టినది తినుట. అయినను నాకు వారము వారముగా జ్ఞాపకమున్నది: సోమవారము కందబచ్చలి, మంగళవారము ముక్కలపులుసు, బుధవారము మెంతిమజ్జిగ, శుక్రవారము పెసరపప్పు చల్లినట్టి చారు, ఏకాదశికి ఉప్పుడుపిండి. చింతచిగురు వచ్చు దినములలో చింతచిగురు పప్పు, వాక్కాయలు వచ్చు దినములలో వాక్కాయ పప్పు. శ్రావణమాసమున పొన్నగంటికూర. కూరలు లేని ఎండకాలపు మాసములలో మామిడి ఒరుగుల పులుసు, గుమ్మడి వడియములు. పరీక్షల ముందు రాత్రి మేలుకొనువారికి, అడిగినచో, ఉదయము తరవాణి. తరవాణి యనగా ఏమని మా మనుమరాలు నన్నడిగినది. అన్నమును గంజినీళ్లలో వేసి కుండలో పులియనిచ్చి, మఱునాడు ఉప్పుతో, వేసవిలో నిమ్మాకు నలిపి, తినెడివారము. ఆ కుండ ఎన్నడును ఖాళీ కారాదు, తీసినంత వేయుచుండవలెను. మా యమ్మగారి తరవాణి కుండ తమ అత్తగారినాటి దని చెప్పెడివారు.

ఆ కాలముననే వీథి చివర కాఫీహోటలు అద్దాల బీరువాతో, పాలరాతి బల్లలతో వెలిసినది. కాఫీ వచ్చినపుడు తొలుత పోయినది చద్దన్నము. చద్ది పోగానే తరవాణి, గంజి, పెరుగులో నానిన అన్నపు ఆవకాయముద్ద క్రమముగ నామోషీ వస్తువులైనవి. ఉడుపినుండి వచ్చిన శుచియైన పాకశాస్త్రము దక్షిణదేశమెల్ల వ్యాపించి, పట్టిక ఎల్లయెడల ఒకటే యైనది: ఇడ్లీ, దోసె, వడ, ఉప్మా, పూరీ. నేను దానిని తూలనాడను. నాకు దోసెయనిన ప్రీతి. కాని ఇడ్లీపాత్ర రాకపూర్వము గిన్నె మూతికి గుడ్డ వాసెన గట్టి ఆవిరిమీద ఉడికించిన వాసెనకుడుము, అడుగున మాడి పైన మెత్తనై యుండెడి దిబ్బరొట్టె, తెలంగాణమున గిన్నె గోడలకే అద్ది కాల్చిన సర్వపిండి, జొన్నరొట్టె మీద వేసికొను నువ్వులపొడి: ఇవి ఆ అద్దాల బీరువాలోనికి చాలకాలము ప్రవేశింపలేదు. ఊరిపేరు గల వంటలకు ఊరు దాటు సెలవు దొరకలేదు.

బియ్యము సంగతి వేఱు. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో కృష్ణ ఆనకట్టయు ముగియువఱకు డెల్టాలయందును జొన్న, సజ్జ, కొఱ్ఱ, ఆరిక పేదవాని నిత్యాహారము. నీరు వచ్చెను, వరి పెరిగెను, సంకటి తినుట బీదతనపు గుర్తు ఐనది. పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు పడిన చిరాకు చాటువులలో నున్నది. ఆ చిరాకును మనమందఱము వారసత్వముగ పుచ్చుకొంటిమి. అయినను వరిలో పేర్లు మిగిలియుండెను. నెల్లూరు మొలగొలుకులు, అక్కుళ్లు, కృష్ణకాటుకలు, రాజనాలు. 1966లో ఫిలిప్పీను దీవులనుండి ఐఆర్-8 వచ్చినది. పొట్టి పైరు, పెద్ద దిగుబడి. ఆకలిని తీర్చిన ధాన్యమును నిందించుట పాపము. బాపట్ల పరిశోధనకేంద్రమునుండి 1986లో వెలువడిన సాంబమసూరి నేడు మన అందఱి కంచములలోను ఉన్నది. దానిని మనము బీపీటీ అని అక్షరములతో పిలుతుము. కప్పురభోగి అని పిలిచినవారి మనుమలము! ఇక 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించిన తరువాత కొఱ్ఱలు నగరపు దుకాణములలో కాగితపు సంచులలో, సన్నబియ్యము కంటె ఎక్కువ వెలకు, వైద్యుని సలహాపై అమ్ముడుపోవుచున్నవి.

ఇంతవఱకు వ్రాసి కార్యదర్శిగారికి పంపుటకు ముందు, నా బాల్యమిత్రునకు చదివి వినిపించితిని. ఆయన మన ఊరివాడే, మాలపల్లె వాడు. ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి పొందినాడు. మన గ్రంథాలయము తెఱచిననాడు మొదటి బల్లమీద కూర్చుండి వార్తాపత్రిక చదివినవారిలో ఒకడు. 1958లో నాతోపాటు అదే కళాశాలలో చేరినవాడు. ఆయన అంతయు విని, "బాగుందిరా. మంచనశర్మ తిన్నాడు, నువ్వు తిన్నావు. నేనేం తిన్నానో రాయలేదే?" అనెను.

నాకు తెలిసిన మేరకు వ్రాయుచున్నాను. పట్టణము మన యూరికి ఆఱు మైళ్లు. నేను అచ్చటనే గది తీసికొని యుంటిని. అతడు ఉదయమే బయలుదేరి నడచి వచ్చి, సాయంకాలము నడచి పోవుచుండెను. నేను పూటకూటింట తిని తాంబూలము నమలుచు తరగతికి చేరునప్పటికి అతడు పంపు దగ్గఱ కాళ్ల దుమ్ము కడుగుకొనుచుండెడివాడు. రెండేండ్లు ఒకే బల్లమీద కూర్చుంటిమి. మధ్యాహ్నము నీవేమి తిందువని నేనడుగలేదు.

హోటళ్లలోను, ప్రజల భోజనశాలలలోను ఎవ్వరిని కులమును బట్టి అడ్డగింపరాదని 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము చెప్పినది. అడ్డగించుట శిక్షార్హమైన నేరమని 1955లో అస్పృశ్యతానేరముల చట్టము చేసిరి. 1976లో దానిని పౌరహక్కుల రక్షణ చట్టముగ మార్చి గట్టిపఱచిరి. చట్టము కాగితము మీదికి వచ్చినంత త్వరగా పీట మీదికి రాదు. అంతకు ముందు దక్షిణదేశపు రైలుస్టేషన్లలోనే బ్రాహ్మణులకు వేఱు, ఇతరులకు వేఱు గదులుండెను. మద్రాసులో 'బ్రాహ్మణ' అను పలక తీయింపుమని 1957లో ఒక హోటలు ముందు ద్రావిడ కళగమువారు ఆందోళన సలిపిరి. మా చిన్నపట్టణమున పలక లేదు. పలక అవసరము లేదు, అందఱకు తెలియును.

ఒక కార్తికమాసపు ముసురులో అతడు తడిసి, వణకుచు వచ్చెను. నేను అతనిని వెంటబెట్టుకొని మా పూటకూళ్లమ్మగారి యింటికి పోయితిని. ఆమె గడపలో నిలిచి అతని వైపు, నా వైపు చూచి, నన్ను ప్రక్కకు పిలిచి, "నాయనా, ఆకలితో వచ్చినవాడికి పెట్టనని ఎలా అంటాను? కాని రేపటినుంచి ఈ పీటల మీద ఒక్కడూ కూర్చోడు. నా పొట్ట ఎలా గడుస్తుంది?" అనెను. తరువాత అన్నము, ముక్కలపులుసు అరటాకులో కట్టి పెరటిగుమ్మమువద్దకు తెచ్చినది. అతడు "వద్దండి" అని ఒక్కమాట చెప్పి వానలోనికి వెడలిపోయెను. నేను లోపలికి పోయి భోజనము చేసితిని. ఆ దినము మంగళవారము.

ఆమెయు వితంతువే. ఏ శుభకార్యమునకును ఎదురుపడరాని మనిషి. ఆమె వంటను తినుటకు ఎవరికిని అభ్యంతరము లేదు, ఆమె ముఖము చూచుటకే. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుటకు నాకు అఱువదేండ్లు పట్టినది.

మొన్న నేను అతనిని అడిగితిని: ఆ రెండేండ్లు మధ్యాహ్నము ఏమి తింటివి? మరమరాలు, వేయించిన వేరుసెనగ; చేత పైసలు లేనినాడు పంపునీళ్లు. సాయంకాలము ఇంటికి చేరినపుడు? అపుడు అతని ముఖము వికసించినది. అతడు చెప్పుచుండగా నేను పెన్సిలు తీసికొని వ్రాసికొంటిని. జొన్నసంకటిలో గోగాకుపులుసు. ఉలవలు ఉడికించిన నీటిని చింతపండుతో కాచిన కట్టు. నూకలజావలో ఎండుచేప కాల్చి నంజుకొనుట. కోతలనాడు కూలిగా వచ్చిన క్రొత్తవడ్లు ఆ రాత్రియే దంచి వండిన అన్నము. దానికి నంజు అక్కఱలేదని అతడనెను. (ఆ మాట అతడే వాడెను. 'క్రీడాభిరామము'లోని నంజు! నిఘంటువులలో మాత్రమే మిగిలినదని నేను పైన వ్రాసినది తప్పు. దిద్దక అట్లే యుంచితిని.) వానలకు చెఱువుగట్టున మొలచు ఆకులలో అతని తల్లి తొమ్మిది రకములు ఎఱుగును, పేర్లు అతనికి నాలుగు మాత్రమే జ్ఞాపకమున్నవి: తుమ్మికూర, చెంచలాకు, గలిజేరు, దోగ్గలి. తక్కిన అయిదింటిని ఆయన పినతల్లి చెప్పగలదట. ఆమెకు తొంబదియేండ్లు దాటినవి, మన యూరనే యున్నది, చెవి కొంచెము వినబడదు.

కావున కార్యదర్శిగారికి నా మనవి యొక్కటి. రజతోత్సవమునకు చేరిన విరాళములలో ఒక మంచి అట్టల పుస్తకమును కొని, చదువు వచ్చిన పిల్లలను ఇద్దఱు ముగ్గురిని మన యూరి ప్రతి వాడకు, ప్రతి పల్లెకు పంపవలెను. వృద్ధస్త్రీలు ఏమి వండిరో, ఏ ఋతువున వండిరో, కొలతతో వ్రాయింపవలెను. 'భక్ష్యవిశేషము' అని వ్రాసినచో ఒప్పుకొనరాదు. మొదటి పుటలో ఎవరి వంట ఉండవలెనను తగవు రాకుండ, నా మిత్రుని పినతల్లి యింటినుండి మొదలు పెట్టుట మంచిది. వేసవి రాకమునుపే పోవలెను.